పచ్చయ్య తిండి మానేశాడు

మా ఆవిడకి బల్లి అంటే భయం. నాకు భయం లేదు గాని ఇష్టమూ లేదు. అలాంటి మేమిద్దరం 2024 డిసెంబరంతా బెంగుళూరులో మా అబ్బాయి ఇంట్లో, ఒక బల్లి నోటి ముందు మందారపువ్వు పట్టుకుని కూర్చున్నామంటే మిత్రులు నవ్వుతారు. నవ్వండి. ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

బల్లి అన్నాను గాని, అది ఇగ్వానా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే ప్రాణి. తల నుంచి తోక చివరి దాకా మూడడుగులు, అందులో తోకే రెండడుగులు. చూస్తే మన తొండకి పెద్దన్నలా ఉంటుంది. శుద్ధ శాకాహారి. మనవడు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. అది నోరు తిరగక మా ఆవిడ "పచ్చయ్య" అంది. అదే స్థిరపడిపోయింది.

మన ఉడుముని ఇంట్లో పెంచితే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్లోనే ఉంది. ఇగ్వానా విదేశీ ప్రాణి కాబట్టి దాని దారి వేరు. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పెంచేవాళ్ళు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మా అబ్బాయి బద్ధకిస్తుంటే ఆ పని దగ్గరుండి నేనే చేయించాను. ముప్ఫై ఆరేళ్ళు రక్షణశాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, లెడ్జరులో లేని ఆస్తి ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, ఇక ఆ ప్రాణికి లోటేముంటుంది అనుకున్నాను.

సరే, కథలోకి వద్దాం.

డిసెంబరు 3న పచ్చయ్య మందారపువ్వు ముట్టుకోలేదు. మందారం అంటే దానికి మనకి పూతరేకు ఎంతో అంత. మర్నాడు గుమ్మడి తురుము పెట్టాం, చూడలేదు. మూడోరోజు అరటిపండు. నాలుక ఒకసారి చాపి, కళ్ళు మూసుకుంది.

ఇంట్లో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. కోడలు అరగలేదేమో అంది. అబ్బాయి ఇంటర్నెట్‌లో చూసి ఏడు కారణాలు చెప్పాడు. మా ఆవిడ దిష్టి అంది. ఎదురింటావిడ వచ్చి "ఎంత నిగనిగలాడుతోందో" అందట. ఆ సాయంత్రమే ఉప్పు, మిరపకాయలు తిప్పి స్టవ్వు మీద వేసింది. ఇల్లంతా దగ్గు. నేను మామూలుగా చేసే ప్రసంగం చేశాను. దిష్టి అనేది కొలవగలిగేదా, దానికి ప్రమాణమేమిటి, మిరపకాయ ఘాటు రాకపోవడానికి భౌతిక కారణాలేమిటి వగైరా. మా ఆవిడ నలభై ఏళ్ళుగా ఈ ప్రసంగం వింటూనే ఉంది కాబట్టి మధ్యలో లేచి పాలు పొయ్యి మీద పెట్టుకుంది.

ప్రసంగం చివర నా సొంత తీర్పు ఇచ్చాను. "చలికాలం. జంతువులు చలికి తిండి తగ్గిస్తాయి. ఇది ప్రకృతి సహజం. కంగారు పడకండి."

మిత్రులారా, ఈ తీర్పుకి నా దగ్గరున్న ఆధారం, దిష్టికి మా ఆవిడ దగ్గరున్న ఆధారం కన్నా ఒక్క వీసం ఎక్కువ కాదు. శీతల దేశాల బల్లులు కొన్ని చలికాలంలో నిద్రాణంగా ఉంటాయి, నిజమే. కాని ఇగ్వానా ఉష్ణమండల ప్రాణి. దానికి అలాంటి అలవాటు లేదు. అది నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు. నేను వాడిన మాటలు సైన్సు మాటల్లా ఉన్నాయి, అంతే. ఆ మాటలు నమ్మి ఇంట్లోవాళ్ళు తొమ్మిది రోజులు ఆగారు.

డిసెంబరు 12 పొద్దున్న మనవడు బడికి వెళ్ళబోతూ పిలిచాడు. "తాతయ్యా, దీని వేళ్ళు చూడు." వెనక కాలి వేళ్ళు వాటంతటవే అదురుతున్నాయి. నేను చెయ్యి పెట్టినా ఆగలేదు. చేతిలోకి తీసుకుంటే తల ఎత్తలేదు. వాడికి పదకొండేళ్ళు. బడి బస్సు వెళ్ళిపోయింది. వాణ్ణి వెళ్ళమని ఎవరూ అనలేదు.

ఇలాంటి ప్రాణులకి వైద్యం చేసే ఆసుపత్రి ఊరికి అటు చివర ఉంది. వెదురుబుట్టలో తువ్వాలు చుట్టి, పక్కన వేడినీళ్ళ సీసా పెట్టి తీసుకెళ్ళాం. డాక్టరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ముందు తూచింది. 790 గ్రాములు. మనవడు జులైలో బడి ప్రాజెక్టు కోసం రాసుకున్న నోటుబుక్కులో 920 ఉంది. తర్వాత దవడని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. ఎముక ఉండాల్సిన చోట రబ్బరులా వంగింది. నాకు కడుపులో దేవినట్టయింది.

"యూవీబీ దీపం ఉందా?" అని అడిగింది.

"ఉండేదమ్మా, మేలో మాడిపోయింది. అప్పటి నుంచి ఎండలోనే పెడుతున్నాం. హాల్లో తూర్పు కిటికీ దగ్గర. రోజూ పొద్దున్న నాలుగు గంటలు నేరుగా ఎండ పడుతుంది."

"కిటికీ తెరిచి ఉంటుందా, మూసి ఉంటుందా?"

మూసి ఉంటుంది. కాకులు, గద్దలు, పిల్లులు ఉన్నాయి కదా. అద్దం వేసే ఉంటుంది. అదే చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ రాసుకోవడం నాకు బాగా తెలుసు. ఆడిట్‌కి వెళ్ళినప్పుడు అసలు దొరకాల్సింది దొరగ్గానే నేనూ అలాగే మాట్లాడకుండా రాసుకునేవాణ్ణి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మేలో సెలవులకి వెళ్ళినప్పుడు నేనక్కడే ఉన్నాను. దీపం మాడిపోతే అబ్బాయి కొత్తది కొంటానన్నాడు. ధర మూడువేల ఎనిమిది వందలు. అదీ ఏడాదికొకటి మార్చాలట, వెలుగుతూనే ఉన్నా మార్చాలట. "వెలుగుతున్న దీపాన్ని పారేసి కొత్తది కొనడమేమిటిరా, ఇది కంపెనీవాళ్ళ వ్యాపారం. సూర్యుడు ఉచితంగా ఇస్తున్నాడు. కిటికీ దగ్గర పెట్టు" అన్నది నేను. ఆ ఖర్చుకి అభ్యంతరం రాసింది నేను. వాడు తండ్రి మాట విన్నాడు.

డాక్టరు వివరంగా చెప్పింది. తర్వాత నేనూ చదువుకున్నాను. సూర్యరశ్మిలో అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో బి రకం చర్మానికి తగిలినప్పుడు, చర్మంలో ఉండే ఒక కొలెస్టరాల్ జాతి పదార్థం విటమిన్ డి3గా మారే పని మొదలవుతుంది. డి3 లేకపోతే తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగు సరిగా పీల్చుకోలేదు. రక్తంలో కాల్షియం తగ్గితే కండరాలు, నరాలు, గుండె నడవవు కాబట్టి శరీరం ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. బ్యాంకులో అసలు తీసి రోజువారీ ఖర్చులు నడిపినట్టు. కొన్నాళ్ళు పైకి అంతా బాగానే కనిపిస్తుంది. తర్వాత దవడ మెత్తబడుతుంది, వేళ్ళు అదురుతాయి, పేగు కదలిక మందగిస్తుంది. నమిలితే నొప్పి, మింగినా అరగదు. అప్పుడు తిండి మానేస్తుంది. మనకి మొదట కనిపించేది మాత్రం ఆ చివరి మెట్టే.

మామూలు కిటికీ అద్దం వెలుగుని పంపుతుంది, వేడిని పంపుతుంది. బి రకం కిరణాల్ని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పచ్చయ్య ఏడు నెలలు ఎండలో కూర్చుని చీకట్లో బతికింది.

తిండి లోపమూ తోడయింది. ఇంట్లో తరిగే పాలకూర, తోటకూరే దానికీ వేసేవాళ్ళం. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి దక్కనివ్వవు. పంజరంలో వెచ్చటి చోట 27 డిగ్రీలే ఉంది. 32 నుంచి 35 దాకా ఉండాలి. రాత్రి బెంగుళూరు చలి 16కి దిగుతోంది. సరీసృపాలకి మనలాగా లోపలి పొయ్యి లేదు. వేడి బయట నుంచి రావాలి, లేకపోతే తిన్నది అరగదు.

మన సభల్లో ఎవరో ఒకరు లేచి అడుగుతుంటారు కదా: "గాలి కనిపిస్తుందా? కనిపించనంత మాత్రాన లేదంటారా?" మనం జవాబు చెప్పి కూర్చోబెడతాం. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్నే అడిగినట్టనిపించింది. 1801లో జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, సిల్వర్ క్లోరైడ్ ఎక్కడ త్వరగా నల్లబడుతుందో చూశాడు. ఊదారంగు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట అన్నిటికన్నా త్వరగా నల్లబడింది. కనిపించని కిరణం ఉందని అలా తేలింది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు, ఎముకలు వంగిపోయిన రికెట్స్ పిల్లలకి పాదరస దీపపు కాంతి పట్టి నయం చేశాడు. ఆ దీపపు గొట్టం అద్దంది కాదు, క్వార్ట్జ్‌ది. అద్దమైతే ఆ కిరణం బయటికే రాదు. అంటే అద్దం సంగతి నూరేళ్ళ కిందటే తెలిసిన విషయం. కనిపించనిదాన్ని నమ్మమని వాళ్ళెవరూ అడగలేదు. ఎలా కొలవాలో చూపించారు. నేను కంటికి కనిపించే వెలుగుని చూసి, కొలవకుండా, నమ్మాను. వెలుగుతోంది కాబట్టి దీపం బాగానే ఉంది, ఎండ పడుతోంది కాబట్టి కిరణం అందుతోంది అనుకున్నాను. దీన్ని విశ్వాసం అనక ఏమంటాం?

ఇక వైద్యం. నేను అడిగిన మొదటి ప్రశ్న: "పది రోజులైందమ్మా తిని. గొట్టంతో పోసెయ్యమంటారా?"

"ముందు వేడి, తర్వాత నీళ్ళు, తర్వాత కాల్షియం. తిండి ఆఖరున" అంది. "చల్లగా ఉన్న ఒంట్లో తిండి తోస్తే లోపల కుళ్ళుతుంది. తినకపోవడం జబ్బు కాదు, జబ్బు చూపించే గుర్తు. మీరు గుర్తుకి వైద్యం చేయొద్దు."

ఆ మాటకి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా అమ్మ గుర్తొచ్చింది. 2003లో అమ్మ ఆఖరి రోజుల్లో తిండి మానేసింది. కాలేయం జబ్బు, నయమయ్యేది కాదని చెప్పారు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "తినకపోతే ఎలా?" అనేవాళ్ళు. నాకూ అదే పట్టుకుంది. తింటే బతుకుతుందని. పెదాలు బిగించుకుంటే గిన్నె ఆనించి, ఉగ్గు పోసినట్టు రాగిజావ పోశాను. పొలమారింది. రెండురోజులకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది, నాలుగోరోజు పోయింది. జావ వల్లే అని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు. బంధువులు మాత్రం "కొడుకు దగ్గరుండి తినిపించాడు" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పటికీ నా గొంతులో ఉంది.

అందుకని ఈసారి చెప్పింది చెప్పినట్టు చేశాను. కొత్త దీపం కొన్నాం, మధ్యలో అద్దం గాని ప్లాస్టిక్ గాని లేకుండా పైన బిగించాం, రోజుకి పన్నెండు గంటలు. రెండు థర్మామీటర్లు పెట్టాం. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో పావుగంట. కాల్షియం మందు చుక్కలు. మూడోరోజు నుంచి, ఒళ్ళు వెచ్చబడ్డాక మాత్రమే, సిరంజితో మునగాకు, గుమ్మడి ముద్ద కొద్దికొద్దిగా, పెదవి పక్కనుంచి. మింగేదాకా ఆగి, మళ్ళీ కొంచెం. పొలమారుతుందేమోనని నా చెయ్యి వణికేది. మూడోనాటికి మా ఆవిడే "ఇలా ఇవ్వండి" అని సిరంజి తీసుకుంది. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఏ అవయవానికి ఏ ఫలమో చూసుకునే మనిషి, దాన్ని చీర కొంగులో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడే ఆవిడ దాని నడినెత్తిన చిన్న చుక్క చూసింది. "ఇదేంటండీ?" నేను చెప్పాను, అది మూడో కన్ను. నిజంగానే. దాంతో బొమ్మ కనిపించదు గాని వెలుగునీడలు తెలుస్తాయి. పైనుంచి గద్ద నీడ పడితే పసిగట్టడానికి పనికొస్తుంది. మా ఆవిడ వెంటనే దణ్ణం పెట్టింది. ఇక నేనేమీ అనలేదు. ముట్టుకున్న ప్రతిసారీ ఆవిడ మైలని చేతులు, మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేది. దానికీ ఏమీ అనలేదు. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉంటాయి, కడుక్కోవాలి. కారణం తప్పు, పని ఒప్పు. మనవణ్ణి కూడా నానమ్మలాగే కడుక్కోమన్నాను.

డిసెంబరు 23 పొద్దున్న బరువు 775. మనవడు మందారపువ్వు పట్టుకుని కూర్చున్నాడు. పచ్చయ్య ఒక కన్ను తెరిచింది. నాలుక తగిలించింది. తర్వాత ఒక రేక పట్టి లాగింది. దవడ నొప్పేమో, చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. మింగింది. మేం నలుగురం కదల్లేదు. రెండో రేక తీసుకునేదాకా ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు మా ఆవిడ మెల్లగా బయటపెట్టింది. ఆసుపత్రికి వెళ్ళిన రోజే మొక్కుకుందట. పచ్చయ్య తింటే కంచి వరదరాజస్వామి గుడికి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకుని వస్తానని.

"చూశారా" అంది.

మనవడు నన్ను చూశాడు. వాడు హేతువాది మనవడు కదా, అడగవలసినదే అడిగాడు. "తాతయ్యా, దీపం వల్లే తగ్గిందని నీకెలా తెలుసు? నానమ్మ మొక్కూ ఆ రోజే కదా?"

ఒకప్పుడైతే ఎగిరి గంతేసి జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజు కొంచెం ఆలోచించాను. "ఈ ఒక్కదాన్ని చూసి తెలియదురా" అన్నాను. "మనం ఒకేసారి దీపం మార్చాం, వేడి పెంచాం, మందు పోశాం, ఆకు మార్చాం. వీటిలో ఏది ఎంత పనిచేసిందో నేనే విడదీసి చెప్పలేను. దీపం తీసేసి మళ్ళీ తిండి మానేస్తుందా అని చూడొచ్చు. చూద్దామా?"

"వద్దు" అన్నాడు వాడు వెంటనే.

"వద్దు కదా. అందుకని మనం చూడక్కర్లేకుండా వందేళ్ళుగా ఎంతోమంది చూసి రాసిపెట్టారు. దీపం ఉన్నవి, లేనివి, రెండు రకాలూ చూశారు. మొక్కు విషయంలో మొక్కినవాళ్ళలో తీరినవి మాత్రమే మనకి చెబుతారు. తీరని లెక్క ఎవరూ రాయరు. తేడా అదొక్కటే."

మా ఆవిడ విన్నది. "మీ దీపం మీది, నా మొక్కు నాది" అని మునగాకు దూయడానికి వెళ్ళింది.

తర్వాత మనవడికి ఇంకో సంగతి కూడా చెప్పాను. మేలో దీపం కొనొద్దన్నది నేనేనని. వాడికి తెలియదు. కాసేపు మాట్లాడలేదు. "మరి ముందే చూడొచ్చు కదా తాతయ్యా" అన్నాడు. అంతే అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో నామీద రాసిన ఏ మెమో కూడా నన్ను అంత బాధపెట్టలేదు.

మా శాఖలో ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగితే లాస్ స్టేట్‌మెంట్ అని ఒకటి తయారుచేస్తారు. అందులో నష్టం ఏ కోవకి చెందుతుందో తేల్చాలి. దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల జరిగిందా, కాదా అని. చాలా ఫైళ్ళలో "కాదు" అనే కోవలోకి తోసెయ్యడానికి పాట్లు పడటం చూశాను. మనవడి నోటుబుక్కులో బరువుల పట్టిక కింద నేను నా చేత్తో రాశాను: నష్టం 145 గ్రాములు, దవడ ఎడమవైపు శాశ్వతంగా వంకర. కారణం, నిర్లక్ష్యం. బాధ్యుడు, తాతయ్య. సంతకం, తేదీ.

ఫిబ్రవరి ఆఖరికి పచ్చయ్య 880 గ్రాములకి వచ్చింది. దవడ ఒంకర అలాగే ఉంది, డాక్టరు అలాగే ఉంటుందంది. నోరు మూసినా ఒక పక్క కొంచెం తెరుచుకుని, నవ్వుతున్నట్టు ఉంటుంది. చూసినవాళ్ళు ముద్దుగా ఉందంటారు. ఎందుకలా ఉందో మనవడూ నేనూ మాత్రమే ఎరుగుదుం.

మార్చిలో కంచికి రెండు టికెట్లు తీశాను. ఆవిడ మెట్లెక్కి బల్లిని ముట్టుకుంది. నేను కింద నిలబడి చెప్పుల సంచీ పట్టుకున్నాను. దీపం పెట్టె మీద కొన్న తేదీ రాసి ఉంచాను. వెలుగుతున్నా సరే, డిసెంబరులో మార్చాలి.